అమ్మమ్మ నోటుబుక్కులోని నిమ్మ కేకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో పుట్టినరోజుకైనా, పెళ్ళిరోజుకైనా, క్రిస్మస్‌కైనా కోసే కేకు ఒకటే, అమ్మమ్మ నిమ్మ కేకు. తిన్నవాళ్ళు ఇంటికెళ్ళాక ఫోన్ చేసి కొలతలు అడుగుతారు. నాలుగు రోజులాగి మళ్ళీ చేసి "చేదొచ్చిందేంది?" అనో, "మధ్యలో కుంగిపోయిందేంది?" అనో అడుగుతారు. వాళ్ళు అడిగిందే అడుగుతున్నారు, నేను చెప్పిందే చెబుతున్నాను. అందుకే కావలి పిన్ని మొదలుకుని ఒంగోలు మేనత్త దాకా అందరి అనుమానాలకూ జవాబులు ఒక్కచోట రాసి పెడుతున్నాను. ఇకమీదట ఫోన్ చేస్తే ఊరికే మాట్లాడటానికి చేయండి.

అసలు ఇది ఏ రకం కేకు? పాతకాలపు కేకు అని ఎందుకంటారు?

ఇది పౌండ్ కేకు జాతి. వెన్న, చక్కెర, పిండి, గుడ్లు నాలుగూ తలా ఒక పౌండు, అంటే 454 గ్రాముల చొప్పున వేసేవాళ్ళు కాబట్టి ఇంగ్లీషువాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. 18వ శతాబ్దం నుంచీ ఉన్న వంటకం. అప్పటికి బేకింగ్ పౌడర్ లేదు. బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, తన భార్యకు ఈస్ట్ పడదని, దాన్ని 1843లో తయారు చేశాడు. అంతకు ముందు కేకు పొంగాలంటే చేతి బలమే దిక్కు. వెన్నలోకి, గుడ్లలోకి గిలక్కొట్టి గాలి ఎక్కించాల్సిందే.

మన వైపుకు ఈ కేకులు మిషన్ బంగళాల ద్వారా వచ్చాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నెల్లూరుకు 1840లో వచ్చారు. ఒంగోలుకు అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర 1866లో వచ్చాడు. మా అమ్మమ్మ 1950లలో మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటూ, ఒక దొరసాని ఇంట్లో వంట చేసే ఆయన దగ్గర ఈ కేకు నేర్చుకుని, నీలం సిరాతో నోటుబుక్కులో రాసుకుంది. పైన క్రీమూ పూలూ ఏమీ ఉండవు. గోధుమ రంగు పైపొర, దాని మీద మెరిసే నిమ్మ పాకం, అంతే. కోసినప్పుడు లోపల లేత పసుపులో పచ్చటి చుక్కలు కనిపిస్తాయి.

నోటుబుక్కులో "ఆరున్నర పలం" అని ఉంది. అంటే ఎంత?

ఈ ప్రశ్న ముందు నాకే వచ్చింది. వెన్న ఆరున్నర పలం, చక్కెర ఆరున్నర పలం, మైదా ఆరున్నర పలం అని రాసుంది. ఆరు కాదు, ఏడు కాదు, ఈ అర ఎక్కడిది? అమ్మమ్మ తూకంలో మరీ చాదస్తం మనిషేమో అనుకున్నాను చాలా ఏళ్ళు.

పాత లెక్కలో పలం అంటే మూడు తులాలు, ఇప్పటి లెక్కలో 35 గ్రాములు. నలభై పలాలు ఒక వీశె. ఒకరోజు క్యాలిక్యులేటర్ తీసి ఆరున్నరను 35తో గుణిస్తే 227 చిల్లర వచ్చింది. అర పౌండు ఎంతో చూస్తే 227కు ఒక పిసరు తక్కువ. అదీ సంగతి! దొరసాని ఇంటి వంటాయన అర పౌండు చెబితే, అమ్మమ్మ ఇంట్లో ఉన్న తక్కెడకు సరిపోయేలా పలాల్లోకి మార్చుకుంది. గ్రాముల తూకాలకు చట్టం వచ్చింది 1956లో. వంటిళ్ళలోకి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

మీ ఇళ్ళలో ఇలాంటి పాత పుస్తకాలుంటే వింతగా కనిపించే అంకెల్ని "సుమారుగా" అని సరిచేయకండి. ముందు పౌండ్లలోకీ, ఔన్సుల్లోకీ మార్చి చూడండి. అలాగే "సెగ 350" అని ఉంటే అది ఫారెన్‌హీట్. సెంటీగ్రేడులో 177, మన ఓవెన్ మీద 175కూ 180కీ మధ్య. మా చిన్నమామయ్య ఆ అంకె చూసి ఓటీజీని, అంటే చిన్న కరెంటు ఓవెన్‌ని, చివరికంటా తిప్పేశాడు ఒకసారి. బయట బొగ్గు, లోపల జావ.

సరే, గ్రాముల్లో కొలతలు చెప్పండి.

ఉప్పు లేని వెన్న 225 గ్రాములు, మెత్తగా పొడి చేసిన చక్కెర 225, మైదా 225, గుడ్లు నాలుగు. బేకింగ్ పౌడర్ టీస్పూనున్నర. ఇది అమ్మమ్మ పుస్తకంలో లేదు. నా చేతికి ఆమె చేతిలో ఉన్న బలం లేదు కాబట్టి వేస్తాను. ఉప్పు చిటికెడు. నిమ్మకాయలు ఎనిమిది: ఐదింటి తొక్క తురుము, రెండు టేబుల్ స్పూన్ల రసం పిండిలోకి. పాకానికి విడిగా 60 మిల్లీలీటర్ల రసం, 90 గ్రాముల చక్కెర.

ఇది ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్నుకు సరిపోతుంది. ఓవెన్ 175 డిగ్రీల దగ్గర ముందే కాగాలి. యాభై నిమిషాల నుంచి గంట పడుతుంది. నలభై ఐదు నిమిషాల దాకా తలుపు ముట్టుకోవద్దు.

చేసే పద్ధతి క్లుప్తంగా: తొక్క తురుముని చక్కెరలో రుద్దాలి. అందులో వెన్న వేసి తెల్లగా తేలికయ్యేదాకా గిలకొట్టాలి. గుడ్లు ఒక్కొక్కటే కలపాలి. జల్లించిన మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు గరిటెతో కలిపి చివర్లో రసం పోయాలి. టిన్నులో వేసి పెట్టేయాలి. ఒక్కో అడుగులో ఎక్కడ కాలు జారుతుందో కింద చెబుతాను.

అమ్మమ్మ గుడ్లను లెక్కపెట్టేది కాదు, పెంకుతో సహా తూచేది. తక్కెడలో ఒకవైపు గుడ్లు, ఇంకోవైపు వెన్న. ఆ పద్ధతి ఇప్పటికీ అన్నిటికంటే మంచిది. కొట్లో గుడ్లు చిన్నవి వస్తే ఐదు పడతాయి.

ఏ నిమ్మకాయలు వాడాలి? పొదలకూరు కాయ అయితేనే బాగుంటుందా?

పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్ల పక్కన పుట్టినవాళ్ళం, వేరే కాయ మెచ్చుకోమంటే కష్టం. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంగ్లీషు పుస్తకంలో లెమన్ అన్నది మన నిమ్మ కాదు. అది పెద్దది, మందపాటి పసుపు తొక్క, రసం కాస్త తక్కువ పులుపు. మనది చిన్నది, తొక్క పల్చన, రసం చుర్రుమంటుంది, వాసన ఘాటు. అక్కడివాళ్ళు దీన్ని లైమ్ అంటారు.

అమ్మమ్మ పుస్తకంలో ఇది కళ్ళారా చూడొచ్చు. మొదట "నిమ్మపళ్ళు 2" అని నీలం సిరాతో రాసి ఉంది. ఆ 2 కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో 5 వేసింది. ఒకసారి చేసి చూసి, వాసన చాలక మార్చి ఉంటుంది. ఆ ఎర్ర అంకె మీద పసుపు మరక ఒకటి, బహుశా వెన్న చెయ్యి.

దూరం పోయే లారీలకు గట్టి పచ్చి కాయ వెళ్తుంది. మనకు మార్కెట్లో పండు కాయ దొరుకుతుంది. కేకుకు రెండూ కలిపి తీసుకోండి. తొక్కకు ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరుగుతున్న గట్టి కాయలు, రసానికి బాగా పండినవి. వడిలిన కాయ తొక్క తురుముకు రాదు. కోరు మీద జారిపోతుంది, వేళ్ళు గీసుకుంటాయి.

వేసవిలో ధర గురించి మీకు నేను చెప్పాలా? 2022 ఏప్రిల్‌లో మన నిమ్మకాయ ధర దేశమంతా వార్త అయింది. అలాంటి ఏడాది మే నెలలో ఫంక్షన్ పెట్టుకుంటే ఒక ఉపాయం ఉంది: దబ్బకాయ. ఒక్క కాయ తొక్క మొత్తం కేకుకు చాలు. పెద్దది కాబట్టి తురమడం సులువు, వాసనలో కాస్త పూల సొగసు ఉంటుంది. రసానికి మాత్రం రెండు మూడు నిమ్మకాయలు వాడుకోండి. నా లెక్కలో దబ్బకాయ తొక్కతో చేసిన కేకే ఒక మెట్టు పైన, కానీ ఈ మాట పొదలకూరులో ఉన్న మా బావ ముందు అనను.

బత్తాయితో గానీ కమలాతో గానీ చేయొచ్చా?

కమలాతో చేయొచ్చు. తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి ఒలవక ముందే తురుముకోవాలి. రసంలో పులుపు తక్కువ, పాకంలో ఒక నిమ్మకాయ పిండండి.

బత్తాయి దగ్గర జాగ్రత్త. తీసిన వెంటనే తీయగా ఉన్న రసం కాసేపటికి చేదెక్కడం మీరు చూసే ఉంటారు, జ్యూస్ కొట్టువాడు కళ్ళముందే తీసివ్వడానికి అదే కారణం. అందులో లిమోనిన్ అనే పదార్థం రసం తీశాక మెల్లమెల్లగా ఏర్పడుతుంది. వేడి చేస్తే ఇంకా త్వరగా. కాబట్టి బత్తాయి రసంతో పాకం కాయొద్దు. తొక్క పైపైన తురిమి వాడుకోండి, రసం తాగేయండి.

నాది చేదొచ్చింది. ఎందుకు?

నూటికి తొంభైసార్లు తురమడంలోనే తప్పు జరుగుతుంది. నిమ్మ తొక్కలో పై రంగు పొరలో నూనె గదులుంటాయి, వాసనంతా వాటిలోదే. దాని కింద తెల్లటి పొర చేదు. మన కాయకు పై పొర కాగితమంత పల్చన. కోరు మీద ఒక చోట ఒక్కసారి లాగితే అయిపోయింది. రెండోసారి అదే చోట లాగితే తెలుపు వచ్చేస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో అమ్మమ్మ పక్కన మంచం మీద కూర్చుని, "కాయని చంపుతావేందమ్మా, దాని మీద దుమ్ము దులిపినట్టు గీకు" అనేది. ఇప్పటికీ అంతకంటే బాగా చెప్పలేను.

అల్లం తురుముకునే సన్న కోరు చాలు. కాయను గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, కోయక ముందే తురమాలి. కోసి పిండాక తురుముదామనుకుంటే ఆ మెత్తటి డిప్పతో కుస్తీ పట్టాలి.

తురిమిన వెంటనే చక్కెరలో వేసి వేళ్ళతో రుద్దండి. ఈ పని దగ్గర తొందరపడొద్దు. మొదట పొడిగా ఉన్న చక్కెర రెండు నిమిషాలకు బరువెక్కుతుంది, మూడో నిమిషానికి పెన్న గట్టున తడి ఇసుకలా ముద్ద కడుతుంది, లేత ఆకుపచ్చ రంగు తిరుగుతుంది. అప్పుడు వాసన హాల్లో టీవీ చూస్తున్నవాళ్ళ దాకా పోతుంది. చక్కెర గరుకుకు నూనె గదులు పగిలి ఆ నూనె చక్కెరకు పట్టడమే దీని రహస్యం. రసం పులుపునిస్తుంది గానీ ఓవెన్ వేడికి దాని వాసన చాలావరకు ఎగిరిపోతుంది. "రెండు స్పూన్లు రసం ఎక్కువ పోశాను, అయినా నిమ్మ రుచి రాలేదు" అనేవాళ్ళకు నా జవాబు ఇదే.

చేదుకు ఇంకో కారణం గింజలు. పాకంలో ఒక్క గింజ నలిగినా తెలుస్తుంది. వడగట్టండి.

ఎసెన్స్ వేస్తే సరిపోదా?

నిమ్మకాయల జిల్లాలో ఉండి ఎసెన్సా?

ఇంట్లో తీసిన వెన్న వాడొచ్చా?

వాడొచ్చు, వాడాను, రెండు షరతులు. గేదె పాల వెన్నలో మజ్జిగ మిగిలి ఉంటుంది, పులుపు వాసనా ఉంటుంది. చల్లటి నీళ్ళలో మూడు నాలుగుసార్లు పిసికి కడగాలి, నీళ్ళు తేటగా వచ్చేదాకా. తర్వాత గుడ్డలో వేసి నీరంతా పోనివ్వాలి. నీరున్న వెన్నతో చేస్తే కేకు అడుగున జిగట పొర కడుతుంది. రోజూ కొంచెం కొంచెం తీసి వారం రోజులు దాచిన వెన్న నెయ్యికే వాడుకోండి.

కొట్లో పసుపు వెన్న ప్యాకెట్ చాలావరకు ఉప్పుది. అదే దొరికితే విడిగా ఉప్పు వేయకండి. నెయ్యితో చేయొచ్చా అంటే, గిలకొడితే నెయ్యిలో గాలి అంతగా నిలవదు. కేకు బరువుగా, కాస్త మైసూర్‌పాక్ చుట్టం లాగా వస్తుంది. తినడానికి బాగానే ఉంటుంది, కానీ అది ఈ కేకు కాదు.

ఎంత గిలకొట్టినా వెన్న కారిపోతోంది. ఎండాకాలంలో ఏం చేయాలి?

మన ఊళ్ళలో ఇదే పెద్ద చిక్కు. పుస్తకాలన్నీ "వెన్న గది వేడికి రానివ్వండి" అంటాయి. వాళ్ళ గది వేడి 20 డిగ్రీలు. రోహిణి కార్తెలో నెల్లూరు వంటింట్లో 38 ఉంటే వెన్న పది నిమిషాల్లో నూనె. కరిగిన వెన్న గాలిని పట్టుకోదు, కేకు పొంగదు.

వెన్నను ఫ్రిజ్‌లోంచి తీసి చిన్న ముక్కలు కోసి, వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలు మునగకూడదు అన్నంత దాకా మాత్రమే ఉంచండి. మే నెలలో ఏడెనిమిది నిమిషాలు. గిన్నెను కూడా ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లవారుజామున చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. నేను ఐదింటికి లేచి చేస్తాను, ఏడు కల్లా కేకు బయటికి వచ్చేస్తుంది, ఇల్లు కాగదు. బీటర్ కూడా మోటారు వేడెక్కి వెన్నను కరిగిస్తుంది, రెండు నిమిషాలు తిప్పి ఒక నిమిషం ఆపండి. మధ్యలో కారినట్టు అనిపిస్తే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టి మళ్ళీ మొదలుపెట్టొచ్చు, ఏమీ పాడవదు.

ఒకే వైపు తిప్పాలా అని అడుగుతుంటారు. అమ్మమ్మ కూడా అదే నమ్మేది: చెయ్యి మార్చొచ్చు, దిక్కు మార్చకూడదు. ఒకసారి కావాలనే రెండు వైపులా తిప్పి చేశాను, తేడా ఏమీ రాలేదు. ఆమెకు చెప్పలేదు.

గుడ్డు వేయగానే పిండి విరిగిపోయినట్టయింది. పారేయాలా?

పారేయకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గుడ్లు వేస్తే వెన్న గడ్డకట్టి అలా విడిపోతుంది, లేదా గుడ్లన్నీ ఒక్కసారి పోసుంటారు. మైదాలోంచి ఒక టేబుల్ స్పూన్ తీసి కలిపితే మళ్ళీ కలిసిపోతుంది. గుడ్లు మాత్రం అరగంట ముందే బయట పెట్టుకోవచ్చు. మైదా వేశాక మరీ తిప్పొద్దు. పొడి కనిపించకుండా పోతే చాలు. ఎక్కువ తిప్పితే కేకు చపాతీలా సాగుతుంది.

నీచు వాసన వస్తుందేమో అన్న భయం చాలామందికి ఉంది. తొక్క సరిగా రుద్దితే ఆ వాసన సోదిలోకి రాదు.

ఓవెన్ లేదు. కుక్కర్‌లో చేయొచ్చా?

అమ్మమ్మకు ఓవెన్ ఎక్కడిది? లోతు గిన్నెలో ఇసుక పోసి, దాని మీద కేకు గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పోసేది. కింద సెగ, పైన సెగ. మూత మీద బూడిద లోపల పడకుండా తీయడం ఒక విద్య.

ఇప్పుడైతే ఐదు లీటర్ల కుక్కర్ చాలు. అడుగున ఒకటిన్నర కప్పు రాళ్ళ ఉప్పు గానీ శుభ్రమైన ఇసుక గానీ పరిచి, మీద చిన్న స్టాండు పెట్టి, గాస్కెట్టూ విజిలూ తీసేసి మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు కాగనివ్వండి. నీళ్ళు పోయకూడదు. మనం చెప్పుకున్న కొలతల్లో సగం తీసుకుని ఆరంగుళాల టిన్నులో వేయండి. మొత్తం సన్న మంటే, యాభై నిమిషాలు ఆగి పుల్ల గుచ్చి చూడండి. పైన రంగు రాదు, తెల్లగా ఉంటుంది. కంగారు పడొద్దు, పాకం పోశాక ఎవరికీ తెలియదు.

మైక్రోవేవ్‌లో?

కన్వెక్షన్, అంటే వేడిగాలి తిప్పే పద్ధతి, ఉంటే చేయొచ్చు, 165 దగ్గర. ఉత్త మైక్రోవేవ్‌లో వద్దు.

మధ్యలో ఎందుకు కుంగుతుంది?

తలుపు ముందే తీసి ఉంటారు, లేదా బేకింగ్ పౌడర్ "ఉండనీలే" అని ఎక్కువ వేసి ఉంటారు, లేదా లోపల ఉడక్కముందే దించి ఉంటారు. చీపురు పుల్ల కడిగి మధ్యలో గుచ్చితే తడి అంటకూడదు. అంచులు టిన్ను నుంచి విడివడి ఉండాలి.

కరెంటు పోతే మాత్రం మన చేతిలో లేదు. అమ్మానాన్నల యాభయ్యో పెళ్ళిరోజుకు అదే జరిగింది. మే నెల, ఇంటినిండా చుట్టాలు, కేకు ఓవెన్‌లో పెట్టిన అరగంటకు కరెంటు పోయింది. పది నిమిషాలు ఓర్చుకుని ఉంటే బతికేదే. ఓటీజీ తలుపు తీయకపోతే వేడి కొంతసేపు నిలుస్తుంది. నేను ఆగలేక టార్చి పట్టుకుని తలుపు తీశాను. నా కళ్ళముందే బొడ్డులా లోపలికి దిగింది. మా మేనత్త వెనక నిలబడి "పోనీలేమ్మా, తాంబూలం పెట్టుకోను గుంట పడింది" అంది. అందరూ నవ్వారు, నాకు ఏడుపొచ్చింది.

చివరికి ఏం చేశానంటే, కరెంటు వచ్చాక పూర్తిగా కాల్చి, కుంగిన భాగం గుండ్రంగా కోసి తీసేశాను. మిగిలింది పెద్ద గారెలా కనిపించింది. మధ్యలో దానిమ్మ గింజలు పోశాను. ఫొటోల్లో అదే బాగుందని ఇప్పటికీ అంటారు, కావాలనే అలా చేశానని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత నుంచి ముఖ్యమైన రోజుకు కేకు ముందురోజే చేస్తున్నాను.

షష్టిపూర్తికి చేయాలి, పెద్దవాళ్ళు గుడ్డు తినరు. ఏం చేయాలి?

దీనికి వేరే కొలతలు. గుడ్డు తీసేసి పై కొలతలతోనే చేస్తే ఇటుక వస్తుంది. మైదా 190 గ్రాములు, చక్కెర పొడి 160, పులవని గట్టి పెరుగు ఒక కప్పు, వాసన లేని నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, తినే సోడా అర టీస్పూను, నాలుగు కాయల తొక్క, ఒక టేబుల్ స్పూన్ రసం.

పెరుగులో సోడా కలిపి ఐదు నిమిషాలు ఆగితే నురగలా పొంగుతుంది. పెరుగులోని పులుపుకూ సోడాకూ పడదు, గ్యాస్ పుడుతుంది, కేకును లేపేది అదే. కాబట్టి కలిపాక పిండిని టిన్నులో పోసి వెంటనే ఓవెన్‌లో పెట్టేయాలి. ఎవరో వచ్చారని కాఫీ ఇచ్చి వచ్చేలోపు గ్యాసంతా పోతుంది. ఏడంగుళాల టిన్ను, 175 డిగ్రీలు, నలభై నిమిషాలు.

అన్నట్టు, టిన్నులు, కోరు, గిన్నెలు గుడ్డు తగలనివి వాడమని పెద్దవాళ్ళు అడిగితే విసుక్కోకండి. నేను దానికోసం ఒక టిన్ను విడిగానే పెట్టుకున్నాను.

పాకం ఎప్పుడు పోయాలి? పాకం పట్టాలా?

తీగపాకమూ ముదురుపాకమూ ఏమీ వద్దు. రసం, చక్కెర స్టీలు గిన్నెలో వేసి చక్కెర కరిగేదాకా వేడిచేసి దించేయండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు లోహపు రుచి దిగుతుంది.

కేకు దించాక పది నిమిషాలు ఆగి, టిన్నులో ఉండగానే పుల్లతో నలభై యాభై చోట్ల అడుగుదాకా గుచ్చి, స్పూనుతో కొంచెం కొంచెంగా పోయాలి. అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ, ఎందుకంటే అంచులే ముందు ఎండిపోతాయి. కేకు వేడిగా ఉండాలి, పాకం గోరువెచ్చగా ఉన్నా చాలు. చల్లారిన కేకు మీద పోస్తే పైనే నిలబడి జిగురు కడుతుంది. అంతా పోశాక పూర్తిగా చల్లారేదాకా టిన్నులోంచి తీయొద్దు, విరిగిపోతుంది.

కరకరలాడే పైపొర కావాలంటే చక్కెరను కరిగించకుండా రసంలో కలిపి అలాగే పోయండి. రసం లోపలికి ఇంకి, చక్కెర పైన నిలిచి ఆరుతుంది. పిల్లలు ఆ పొరనే గిల్లి తినేస్తారు, కేకు బోడిగా మిగులుతుంది.

మీద క్రీమ్ పెట్టొద్దా? పేరు ఎక్కడ రాయాలి?

నా అభిప్రాయం అడిగితే వద్దు. మన ఉక్కకు క్రీమ్ అరగంట నిలవదు, కొవ్వొత్తి వెలిగించి పాట పాడేలోపు జారుతుంది. చక్కెర పొడిలో రసం రెండు చుక్కలు కలిపి చిక్కటి ముద్ద చేసి, బటర్ పేపర్ పొట్లంలో వేసి పేరు రాసుకోండి. పసుపు రంగు కలపొద్దు, చూడగానే బేకరీ పైనాపిల్ కేకు గుర్తొస్తుంది.

ఎంతమందికి వస్తుంది? ముప్పై మంది ఉంటే?

ఎనిమిదంగుళాల కేకు పద్దెనిమిది ఇరవై ముక్కలు. బరువైన కేకు, చిన్న ముక్క చాలు. ముప్పై మందికి కొలతలు రెండింతలు చేసి ఒకే పెద్ద టిన్నులో పోయకండి, అంచు మాడేదాకా నడుమ ఉడకదు. రెండు టిన్నుల్లో రెండు కేకులు చేయండి. చిన్న ఓటీజీ అయితే ఒకదాని తర్వాత ఒకటి, పిండి కూడా విడివిడిగా కలపాలి. కలిపిన పిండి గంటసేపు కూర్చుంటే పొంగు పోతుంది.

ఎన్ని రోజులు ఉంటుంది? నెల్లూరు నుంచి ఒంగోలుకు తీసుకెళ్ళొచ్చా?

నిక్షేపంగా. చేసిన రోజు కంటే రెండో రోజు బాగుంటుంది, పాకం అంతటా సమంగా పాకుతుంది. చలికాలంలో బయట మూడు రోజులు, ఎండాకాలంలో ఒక్క రోజు, తర్వాత ఫ్రిజ్. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కోస్తే గట్టిగా ఉంటుంది, వెన్న గడ్డకట్టి ఉంటుంది కదా, అరగంట బయట పెట్టండి.

ఒంగోలుకు రెండు గంటల పైన దారి. చల్లారిన కేకుని బటర్ పేపర్‌లో చుట్టి, ఆ టిన్నులోనే మళ్ళీ పెట్టి, టిన్నుని స్టీలు డబ్బాలో దించి, చుట్టూ తువ్వాలు కుక్కి తీసుకెళ్తాను. బస్సులో ఒళ్ళో పెట్టుకోవాలి, పైన రాక్‌లో వద్దు. కావలి దాటేలోపు పక్కసీటువాళ్ళు "ఏందమ్మా ఆ వాసన" అని అడగకుండా ఉండరు. అందుకోసం రెండు ముక్కలు విడిగా పొట్లం కట్టుకుంటాను.

తొక్క తీసిన నిమ్మకాయలు మిగిలాయి. ఏం చేయాలి?

తొక్క లేని కాయ ఒక్క రోజులో ఎండి రాయవుతుంది, అలాగే ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోకండి. వెంటనే పిండి రసం సీసాలో పోసి పెట్టుకుంటే మర్నాడు పొద్దున పులిహోరకు సరిపోతుంది. కేకు కోసే రోజు మా ఇంట్లో టిఫిను ఎప్పుడూ నిమ్మకాయ పులిహోరే, చుట్టాలకు ఇష్టమని అనుకుంటారు.